జేబు కెమెరా: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

కోఠిలో చిన్న కెమెరాల రిపేరు, సెకండ్ హ్యాండ్ అమ్మకం నా పని. మధ్యలో కొన్నేళ్లు జేబులో పట్టే కెమెరా కావాలని అడిగినవాళ్లే లేరు. డ్రాయర్లలో పడి ఉన్నవాటిని పార్ట్స్ కోసం విప్పేసుకున్నాను. ఇప్పుడు కాలేజీ పిల్లలు వచ్చి "అన్నా, డిజిక్యామ్ ఉందా?" అంటున్నారు. వాళ్ల వెనకే ఇంట్లోవాళ్లు, "ఊరికి పోతున్నం, పిల్లల ఫోటోలకు చిన్నది ఏదన్న చూపియ్" అని. అడిగే ప్రశ్నలు మాత్రం పదిహేనేళ్ల కింద అడిగినవే. విప్పేసినవాటిని తలుచుకుని ఏడ్చి లాభం లేదు కాబట్టి, ఆ ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాస్తున్నాను.

అపోహ: మెగాపిక్సెల్స్ ఎంత ఎక్కువుంటే ఫోటో అంత బాగుంటుంది.

డబ్బా మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది ఈ అంకే, అన్నిటికంటే తక్కువ పనికొచ్చేదీ ఇదే. స్టూడియోలో కడిగించే 4×6 ఫోటోకి, అంగుళానికి 300 చుక్కల లెక్కన, 1200×1800 పిక్సెల్స్ చాలు. మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెల్స్, కాబట్టి ఇది 2 మెగాపిక్సెల్స్ కంటే కాస్త ఎక్కువ. ఏ4 సైజుకి కూడా 9 లోపే. వాట్సాప్‌లో పంపితే అది ఎలాగూ కుదించేస్తుంది. ఇంటి అవసరానికి పాత 10 మెగాపిక్సెల్ కెమెరా సరిపోయి ఇంకా మిగులుతుంది.

అడగాల్సింది సెన్సర్ సైజు, అంటే లెన్స్ వెనక వెలుతురుని పట్టే చిప్ సైజు. తక్కువ ధర చిన్న కెమెరాల్లో ఎక్కువగా ఉండేది 1/2.3 అంగుళాల సెన్సర్. కొలిస్తే 6.17 × 4.55 మిల్లీమీటర్లు, చిన్నపిల్లల చిటికెన వేలి గోరంత. ఆ గోరు మీద 20 మెగాపిక్సెల్స్ ఇరికిస్తే ఒక్కో పిక్సెల్‌కి అందే వెలుతురు ఎంత? "1 అంగుళం సెన్సర్" అని ఇంకో రకం ఉంది. అది కూడా నిజంగా అంగుళం ఉండదు, 13.2 × 8.8 మిల్లీమీటర్లే. పాత టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి, ఆ గొట్టాల లెక్క పేరులో అలా మిగిలిపోయింది. అయినా వైశాల్యంలో మొదటిదానికి నాలుగింతలు. వానలో గ్లాసు పెట్టినదానికీ తాంబాళం పెట్టినదానికీ ఉన్న తేడా.

సోనీ 2012లో ఆర్‌ఎక్స్100తో ఈ 1 అంగుళం సెన్సర్‌ని 240 గ్రాముల జేబు కెమెరాలోకి తెచ్చింది. 2019లో వచ్చిన కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 కూడా ఈ కోవదే. అదే ఏడాది వచ్చిన రికో జీఆర్ 3లో ఇంకా పెద్దది, ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్ ఉంది, కానీ జూమ్ లేదు. ధరలు వింటే కొందరు లేచి వెళ్లిపోతారు, నేను ఆపను.

పరీక్ష ఎలా అంటారా? షాపు బయట ఎండలో ఏ కెమెరా అయినా మంచిగానే తీస్తుంది. లోపలికొచ్చి, ర్యాక్ పక్కన మసక వెలుతురులో, ఫ్లాష్ ఆపేసి మీతో వచ్చినవాళ్ల మొహం తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి కనుబొమల వెంట్రుకలు చూడండి. విడివిడిగా కనిపిస్తున్నాయా, కాటుక పులిమినట్టు ఉందా? ఈ పరీక్ష చేయనివ్వని షాపులో కొనకండి, అది నాదైనా సరే.

అపోహ: ఎంత చిన్నదైనా కెమెరా కెమెరానే, ఫోన్ కంటే మెరుగే.

నా వ్యాపారానికి నష్టమైనా చెప్తాను, కాదు. ఇవాళ కాస్త ధర గల ఫోన్లలో మెయిన్ కెమెరా సెన్సరే ఆ చవక కెమెరా సెన్సర్ కంటే పెద్దది. పైగా ఫోన్ వరసగా చాలా ఫోటోలు తీసి, కలిపి ఒకటిగా చేస్తుంది. మసక వెలుతురులో 1/2.3 కెమెరా దానిముందు నిలబడదు. చిన్న కెమెరా గెలిచేది వేరే చోట్ల: అసలైన జూమ్, ఫోన్ లైటు కంటే గట్టిగా మెరిసే జీనాన్ ఫ్లాష్, వేలికి తగిలే బటన్. తీస్తుంటే మధ్యలో లోన్ కావాలా అని ఫోన్ రాదు, అదొకటి.

అపోహ: 30ఎక్స్ జూమ్ అంటే 30 రెట్లు దగ్గరికి చూపిస్తుంది.

లెన్స్ లెక్క మిల్లీమీటర్లలో ఉంటుంది: అంకె తక్కువైతే వెడల్పుగా, ఎక్కువైతే దగ్గరగా చూపిస్తుంది. ఎక్స్ అనేది చివరి అంకెని మొదటి అంకెతో భాగిస్తే వచ్చేది, అంతే. 25 నుంచి 300 మిల్లీమీటర్ల దాకా వెళ్లే లెన్స్ 12ఎక్స్. నేను మొదటి అంకె చూడమంటాను. కూకట్‌పల్లి డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ హాల్లో పుట్టినరోజు కేకు చుట్టూ పదిహేను మంది నిలబడితే, వెనక్కి జరగడానికి గోడ ఒప్పుకోదు. అక్కడ 24, 25తో మొదలయ్యే లెన్స్ ఆదుకుంటుంది. 35తో మొదలైతే చివర నిలబడ్డ మేనత్త సగమే వస్తుంది, ఆ మాట ఏడాదంతా వినాలి.

ఇంకోటి, జూమ్ లాగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది పెరిగితే కన్ను చిన్నదైనట్టు. కెనాన్ ఇక్సస్ 285లో లెన్స్ ఎఫ్/3.6తో మొదలై చివరికి ఎఫ్/7 అవుతుంది. అంటే లోపలికొచ్చే వెలుతురు దాదాపు పావు వంతే. బోనాల రాత్రి దూరం నుంచి ఘటాన్ని జూమ్ చేసి తీస్తే మసకగా రావడం కెమెరా తప్పు కాదు. డిజిటల్ జూమ్ గురించి ఒక్క మాట చాలు: మెనూలోకి వెళ్లి ఆపేయండి.

అపోహ: పాత సీసీడీ కెమెరాల్లో రంగులే వేరు, అందుకే రేటు ఎక్కువ.

సీసీడీ అంటే పాత రకం సెన్సర్, సీమాస్ ఇప్పటి రకం. ఈ రంగుల మాట మీద కోఠిలో ధరలు పెరిగాయి. నాకూ నాలుగు రూపాయలు వచ్చాయి, దాచను. కానీ సీసీడీ అయినా సీమాస్ అయినా సెన్సర్‌కి తెలిసింది వెలుతురు ఎక్కువా తక్కువా అన్నదే. రంగు వచ్చేది దాని మీది ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ గళ్ల నుంచి, ఆ తర్వాత కంపెనీవాళ్లు రాసిన లెక్కల నుంచి. మీకు నచ్చే ఆ పాత ఆల్బమ్ కళలో చాలా భాగం మొహం మీద నేరుగా పడే ఫ్లాష్‌ది. అదే ఫ్లాష్ ఉన్న సీమాస్ కెమెరాతో తీసి, కలిపి చూపిస్తే మా షాపుకొచ్చే పిల్లలు చాలామంది గుర్తుపట్టలేకపోయారు. సీసీడీకి ఖాయంగా ఉన్న గుర్తు ఒకటుంది: గట్టి దీపం ఫ్రేములో ఉంటే పైనుంచి కిందకి నిలువు గీత పడుతుంది. దాన్ని రిపేరు చేయమని తెస్తారు. అది రిపేరు కాదమ్మా, దాని గుణం.

అపోహ: ఫ్లాష్ ఉంది కదా, ఫంక్షన్ హాలంతా వెలుగుతుంది.

ఈ చిన్న ఫ్లాష్ మూడు నుంచి అయిదు మీటర్ల వరకే పనిచేస్తుంది. దూరం రెట్టింపైతే వెలుతురు పావుకి పడిపోతుంది. చివరి వరసలోంచి పెళ్లి వేదికని ఫ్లాష్‌తో తీస్తే ముందు కూర్చున్నవాళ్ల జడలు బాగా వస్తాయి.

అపోహ: "లెన్స్ ఎర్రర్" వచ్చిందంటే కెమెరా పోయినట్టే.

నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేది ఇదే. జీన్స్ జేబులో బటన్ నొక్కుకుపోతుంది, లెన్స్ బయటికి రావాలని చూస్తుంది, చోటుండదు, లోపల సన్నటి ప్లాస్టిక్ పళ్లు అరుగుతాయి. లేకపోతే సముద్రం ఇసుక. గోవా నుంచి వచ్చిన కెమెరాని విప్పకముందే, లెన్స్ కదిపినప్పుడు వచ్చే గరగర శబ్దాన్ని బట్టి గుర్తుపడతాను. కొన్ని శుభ్రం చేస్తే నడుస్తాయి, పళ్లు విరిగితే పార్ట్స్ దొరకాలి. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు పది సార్లు ఆన్ చేసి ఆఫ్ చేయండి, జూమ్ చివరిదాకా లాగండి, చెవి పెట్టి వినండి.

అపోహ: తడిస్తే బియ్యం డబ్బాలో పెట్టాలి.

బియ్యం పిండి లెన్స్ సందుల్లో చేరి నాకు రెండు పనులు పెడుతుంది. ఆన్ చేయకుండా బ్యాటరీ, కార్డు తీసేసి తీసుకురండి. యూట్యూబ్ చూసి ఇంట్లో మాత్రం విప్పకండి. ఫ్లాష్ కోసం లోపల ఉండే కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు ఉంటాయి, బ్యాటరీ తీసినా కొంతసేపు నిలుస్తాయి. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి తగిలింది, స్క్రూడ్రైవర్ ఎక్కడ పడిందో సాయంత్రం దాకా దొరకలేదు.

అపోహ: బీరువాలో పడున్న పాత కెమెరా చెత్త కిందే లెక్క.

కొత్తది కొనేముందు అది బయటికి తీయండి. "కార్డ్ ఎర్రర్" అంటే చాలాసార్లు కెమెరా బాగానే ఉంటుంది, కార్డే కుదరదు. 2 జీబీ దాటిన ఎస్‌డీహెచ్‌సీ రకం 2006లో వచ్చింది. అంతకుముందు తయారైన కెమెరాలు దాన్ని గుర్తించవు, 2 జీబీ లోపు పాత ఎస్‌డీ కార్డు వెతకాలి. కొన్ని ఒలింపస్, ఫూజీలకు ఎక్స్‌డీ కార్డు, పాత సోనీలకు మెమరీ స్టిక్ కావాలి. బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టకుండా నాకో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో ఇచ్చేయండి. తోలు కవర్‌లో పెట్టి దాచి ఉంటే లెన్స్‌ని దీపానికి అడ్డంగా పట్టి చూడండి, సాలెగూడులా కనిపిస్తే ఫంగస్.

అన్నీ కుదిరి అది ఆన్ అయితే, ఫార్మాట్ చేయనా అని అడుగుతుంది. వెంటనే సరే అని నొక్కేయకండి. ముందు ఆ కార్డు తీసి కంప్యూటర్‌లో పెట్టి చూడండి.