భూమిలోకి పంపిన కార్బన్ డయాక్సైడ్‌పై సీస్మిక్ నిఘా: అపోహలు - వాస్తవాలు

నేను సీస్మిక్ డేటా ప్రాసెసింగ్‌లో పనిచేస్తాను, అంటే నేలలోకి తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనుల నుంచి లోపలి పొరల బొమ్మ తయారుచేసే పని. కార్బన్ డయాక్సైడ్‌ను గాల్లో కలవకుండా భూమి లోపలికి పంపి దాచడం గురించి వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు చూస్తుంటే భయపెట్టేవాళ్ళూ, "ఏం టెన్షన్ లేదు" అనేవాళ్ళూ ఇద్దరూ సగం సగమే చెబుతున్నారనిపిస్తోంది. ఎక్కువగా వినబడేవాటికి నాకు తెలిసిన జవాబులివి.

అపోహ: లోపల పెద్ద గుహ ఉంటుంది, గ్యాస్ నింపి మూత పెడతారు.

గుహేమీ ఉండదు. ఇసుకరాయి రేణువుల మధ్య సన్నటి ఖాళీల్లో ఉప్పునీరు ఉంటుంది, దాన్ని పక్కకు నెట్టి గ్యాస్ చేరుతుంది. సాధారణంగా 800 మీటర్ల కన్నా లోతుకే పంపుతారు, ఎందుకంటే 31 డిగ్రీల వేడి, 74 బార్ ఒత్తిడి దాటితే అది బాగా చిక్కబడి తక్కువ చోటులో సర్దుకుంటుంది. పైన మాత్రం గ్యాస్ చొరబడని షేల్ (బంకమట్టి గట్టిపడిన రాయి) పొర ఉండి తీరాలి.

అపోహ: అంత లోతున ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు, కంపెనీ చెప్పింది నమ్మాల్సిందే.

తెలుస్తుంది. నార్వే దగ్గర ఉత్తర సముద్రంలో స్లైప్నర్ అనే గ్యాస్ క్షేత్రం ఉంది. అక్కడ సహజవాయువులోంచి వేరుచేసిన కార్బన్ డయాక్సైడ్‌ను గాల్లోకి వదిలితే పన్ను కట్టాలి, అందుకని 1996 నుంచి ఏటా పది లక్షల టన్నులకు కాస్త అటూ ఇటుగా ఉట్‌సిరా అనే ఇసుక పొరలోకి పంపుతూ వచ్చారు. ఒక్క టన్నూ పంపకముందే, 1994లో, అక్కడ త్రీడీ సీస్మిక్ సర్వే అయిపోయి ఉంది. దాన్ని మేం బేస్‌లైన్ అంటాం. 1999లో, 2001లో, ఆ తర్వాతా అదే చోట మళ్ళీ సర్వేలు చేశారు. కొత్త డేటాలోంచి పాతదాన్ని తీసేయడమే మా పని, కానీ ఆటుపోట్ల తేడా, నీటి ఉష్ణోగ్రత తేడా, ఓడ వెనక లాగే, ప్రతిధ్వనులను పట్టే కేబుల్ కిందటిసారి వెళ్ళిన దారినే వెళ్ళకపోవడం, ఇవన్నీ సరిచేస్తే గానీ రెండూ కలవవు. కలిశాక మాత్రం స్క్రీన్ మీద మార్పు లేని పై పొరలన్నీ చెరిగిపోతాయి, గ్యాస్ చేరిన చోట గీతలు ధగధగా మెరుస్తాయి, వాటి కింది పొరలు కుంగినట్టు కనిపిస్తాయి. నిజంగా కుంగవు. గ్యాస్ ఉన్న ఇసుకలో తరంగం నెమ్మదిస్తుంది కాబట్టి కింది ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది. స్లైప్నర్‌లో అలా తొమ్మిది పొరలు బయటపడ్డాయి. ఇసుక మధ్యలో ఉన్న మీటరు మందం షేల్ పలకల కింద గ్యాస్ పరుచుకుంటూ పైకి పాకిందని అప్పుడు అర్థమైంది. బేస్‌లైన్ లేకుండా మొదలుపెట్టే ప్రాజెక్టును నేనైతే ఒప్పుకోను.

అపోహ: సీస్మిక్ చూస్తే ఎన్ని టన్నులున్నాయో లెక్క తేలిపోతుంది.

ఇది మా రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు కూడా అనుకుంటారు. ఉప్పునీటిలో కొంచెం గ్యాస్ చేరగానే తరంగ వేగం ఒక్కసారిగా పడిపోతుంది, ఆ తర్వాత ఇంకెంత చేరినా పెద్దగా మారదు. అందుకే ఎక్కడుందో చెప్పినంత ధీమాగా ఎంతుందో చెప్పలేం. ఎంత అనేది పంపేచోట మీటరూ, ఒత్తిడి కొలతలూ, కంప్యూటర్ మోడలూ కలిపి చూడాలి. నీళ్ళలో కరిగిపోయిన గ్యాస్ అసలు కనిపించదనే చెప్పాలి. ఐస్‌లాండ్‌లోని కార్బ్‌ఫిక్స్‌లో నీళ్ళలో కరిగించే బసాల్ట్ (లావా గట్టిపడిన) రాళ్ళలోకి పంపుతారు, అక్కడ రసాయన ట్రేసర్ల (జాడ పట్టడానికి కలిపే పదార్థాల) మీద ఆధారపడింది అందుకే.

అపోహ: భూకంపాలొస్తాయి / అసలు రావు.

రెండూ తప్పే. ఒత్తిడి పెరిగితే పాత పగుళ్ళు కదలవచ్చు. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం డెకేటర్‌లో 2011 నుంచి 2014 వరకు పది లక్షల టన్నులు పంపితే వేలకొద్దీ సూక్ష్మ ప్రకంపనలు నమోదయ్యాయి, దాదాపు అన్నీ మనిషికి తెలియనంత చిన్నవి. కానీ లోపలి ఒత్తిడి పగుళ్ళను కదిలించగలదనడానికి మన దేశంలోనే, మహారాష్ట్రలో, 1967 నాటి కోయ్‌నా భూకంపం ఉంది. జలాశయం వల్ల ప్రేరేపితమైన ఆ భూకంపం తీవ్రత 6.3. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) దశాబ్దాలుగా ఆ ప్రాంతాన్ని గమనిస్తూనే ఉంది. కాబట్టి జియోఫోన్లు (నేల కంపనాలను పట్టే పరికరాలు) పెట్టి వినాలి, ఒత్తిడి హద్దు దాటుతుంటే ఆపాలి. నార్వేలోనే స్నోవిట్‌లో ఒత్తిడి అనుకున్నదానికన్నా వేగంగా పెరిగితే 2011లో వేరే పొరకు మార్చారు. అల్జీరియాలోని ఇన్ సలాలో నేల ఏటా కొన్ని మిల్లీమీటర్లు పైకి లేస్తోందని ఉపగ్రహాలు పట్టేశాయి, పై షేల్ పొర గురించి అనుమానాలొచ్చి 2011లోనే పంపడం ఆపేశారు.

అపోహ: పాశర్లపూడిలా మంటలొస్తాయి.

1995 బ్లోఅవుట్ (బావిలోంచి గ్యాస్ అదుపు తప్పి ఎగజిమ్మడం) గుర్తున్న కోనసీమవాళ్ళకు ఈ భయం ఉండటం సహజం. అక్కడ మండింది సహజవాయువు, కార్బన్ డయాక్సైడ్ మండదు. అలాగని నిరపాయకరమనీ కాదు, గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో చేరితే ఊపిరాడదు. మనం జాగ్రత్తపడాల్సింది ముఖ్యంగా గ్యాస్ పంపడానికీ, నిఘాకూ తవ్విన లోతైన బావుల దగ్గర. అదే డెకేటర్‌లో 2024లో బయటపడిన లీకు, నిఘా కోసం తవ్విన బావిలో ఉక్కు గొట్టం తుప్పుపట్టడం వల్ల వచ్చింది. అది లోతులోనే పక్క పొరలోకి పోయింది. పట్టుకున్నది కూడా బావిలో చేసిన పరీక్షలే, సీస్మిక్ కాదు. సీస్మిక్ ఒక్కటుంటే చాలనే ఎవరి మాటా నేను నమ్మను.

అపోహ: పంపడం ఆపేస్తే నిఘా కూడా అయిపోయినట్టే.

యూరప్ చట్టంలో, గ్యాస్ కదలకుండా స్థిరపడిందని ముందే రుజువైతే తప్ప, మూసేశాక కనీసం 20 ఏళ్ళు బాధ్యత కంపెనీదే. అమెరికాలో మూసేశాక నిఘాకు మామూలు లెక్క 50 ఏళ్ళు. అన్నేళ్ళూ ముడి డేటా భద్రంగా ఉండాలి, బయటివాళ్ళు తీసి చూడగలగాలి. స్లైప్నర్ డేటా ఇప్పుడు పరిశోధకులకు ఉచితంగా దొరుకుతోంది. జియోఫిజిక్స్ చదివే పిల్లలెవరైనా ఉంటే దాన్ని దింపుకుని 1994 సర్వేనీ తర్వాతి సర్వేనీ పక్కపక్కన పెట్టి చూడండి, సందేహాలుంటే నన్ను అడగండి.