డాంగిల్ గుచ్చితే సీడీ డ్రైవ్ ఎందుకొచ్చింది?

ఫైబర్ కనెక్షన్ ఇచ్చేవాళ్లు రౌటర్‌ను హాల్లో గోడకు బిగించి వెళ్లిపోతారు. పాత డెస్క్‌టాప్ ఉండేదేమో లోపలి గదిలో, దానికి వైఫై లేదు. గోడకు కన్నం కొట్టి ల్యాన్ కేబుల్ లాగడం ఇష్టం లేక గోరంత యూఎస్‌బీ వైఫై డాంగిల్ ఒకటి తెప్పించి గుచ్చుతాం. వైఫై గుర్తు వస్తుందని చూస్తుంటే, ‘దిస్ పీసీ’లో ఎక్కణ్నుంచో కొత్త సీడీ డ్రైవ్ ప్రత్యక్షమవుతుంది. చాలామంది ఇక్కడే వస్తువు పాడైందనుకుని వాపసు పంపేస్తారు. అది పాడవలేదు, వేషం వేసుకుంది అంతే.

ఏ యూఎస్‌బీ పరికరమైనా పెట్టగానే కంప్యూటర్‌కు ముందు తన గుర్తింపు చెప్పుకుంటుంది. అందులో రెండు అంకెలు ముఖ్యం. ఒకటి తయారీదారు నంబరు, దాన్ని వీఐడీ అంటారు. రెండోది ఆ తయారీదారు తన వస్తువుకు ఇచ్చుకున్న నంబరు, పీఐడీ. ఈ జంటను బట్టే విండోస్ ఏ డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, తగిలించాలో తేల్చుకుంటుంది. పెన్‌డ్రైవ్, సీడీ డ్రైవ్ లాంటి నిల్వ పరికరాలకు డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. వైఫై చిప్‌లన్నిటికీ ఉండదు. అందుకని తయారీదారులు ఒక ఉపాయం పన్నారు. డాంగిల్‌లో చిన్న మెమరీ పెట్టి, అందులో డ్రైవర్ వేసి, మొదట ‘నేను సీడీ డ్రైవ్‌ని’ అని చెప్పిస్తారు. ఆ సీడీలోని సెటప్ నడిపితే డ్రైవర్ ఎక్కుతుంది. ఎక్కిన డ్రైవర్ ఆ సీడీని ‘ఎజెక్ట్’ చేస్తుంది. అప్పుడు డాంగిల్ ఒక్క క్షణం మాయమై, వేరే పీఐడీతో వైఫై పరికరంగా తిరిగొస్తుంది.

మన మార్కెట్లో చవక డాంగిళ్లలో తరచూ కనిపించే రియల్‌టెక్ 8811సీయూ చిప్‌నే తీసుకుందాం. సీడీ వేషంలో ఉన్నప్పుడు దాని నంబర్లు 0బీడీఏ, 1ఏ2బీ. అసలు రూపంలో 0బీడీఏ, సీ811. మొదటిది రియల్‌టెక్ కంపెనీ వీఐడీ కాబట్టి మారదు, రెండోదే మారుతుంది.

ఇంతకీ ఈ నంబర్లు మనకెందుకు? డబ్బా మీద కంపెనీ పేరు డ్రైవర్ వెతకడానికి పెద్దగా పనికిరాదు కనుక. బ్రాండ్లు వందల్లో ఉన్నా, లోపల చిప్ తయారుచేసేవాళ్లు రియల్‌టెక్, మీడియాటెక్ లాంటి కొద్దిమందే. పైగా ఒకే మోడల్ పేరుతో చిప్ మారిపోతుంది. టీపీ-లింక్ వారి డబ్ల్యూఎన్722ఎన్‌నే చూడండి. మొదటి వెర్షన్‌లో ఎథెరాస్ 9271 చిప్ ఉండేది, రెండో వెర్షన్‌లో రియల్‌టెక్ 8188 వచ్చింది. ప్లాస్టిక్ అదే, యాంటెన్నా అదే, డ్రైవర్ మాత్రం పూర్తిగా వేరు. పేరు పట్టుకుని మొదటిదాని డ్రైవర్ రెండోదానికి వేస్తే సెటప్ బుద్ధిగా పూర్తవుతుంది, వైఫై మాత్రం రాదు.

నంబరు చూడాలంటే స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైజ్ మేనేజర్ తెరవాలి. డ్రైవర్ లేకపోతే ‘అదర్ డివైజెస్’ కింద పసుపు త్రికోణంతో ‘802.11ఎన్ నిక్’ అనో ‘802.11ఏసీ నిక్’ అనో ఉంటుంది. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ ట్యాబ్, అందులో కిందికి తెరుచుకునే పెట్టెలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’. అక్కడ వచ్చే పొడవాటి వరుసలో వీఐడీ, పీఐడీ పక్కన నాలుగేసి అక్షరాలుంటాయి. వాటితోనే డ్రైవర్ వెతకాలి. జనరల్ ట్యాబ్‌లో కోడ్ కూడా చూడండి. 28 అంటే డ్రైవరే లేదు. 10 అంటే డ్రైవర్ ఉంది కానీ పరికరం మొదలవ్వలేదు, అంటే చాలాసార్లు తప్పు డ్రైవర్ లేదా చాలని కరెంటు. 43 అంటే పరికరమే తనలో లోపముందని చెబుతోంది. అలాంటప్పుడు వేరే పోర్టులో, వీలైతే వేరే కంప్యూటర్‌లో పెట్టి చూశాకే వాపసు సంగతి.

మరి ఇంటర్నెట్ లేనిదే డ్రైవర్ రాదు, డ్రైవర్ లేనిదే ఇంటర్నెట్ రాదు. ఈ పీటముడి విప్పేది మన జేబులోని ఫోనే. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేస్తే విండోస్‌కు అది ల్యాన్ కార్డులా కనిపిస్తుంది. దీనికి వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఫోన్ అప్పటికే ఇంటి వైఫైలో ఉంటే మొబైల్ డేటా కూడా ఖర్చు కాదు. ఆ ఆప్షన్ మసకగా ఉండి నొక్కుడు పడకపోతే కేబుల్ అనుమానించండి. ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలుండవు. నెట్ వచ్చాక విండోస్ అప్‌డేట్‌లోని ‘ఆప్షనల్ అప్‌డేట్స్’లో చూస్తే చాలావరకు డ్రైవర్ అక్కడే దొరుకుతుంది. దొరక్కపోతే డాంగిల్ అమ్మిన కంపెనీ సైట్. ‘మీ డ్రైవర్లన్నీ మేం సరిచేస్తాం’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం పోవద్దు. అవి తెచ్చే పాత డ్రైవర్ల కంటే, వాటితో వచ్చే ప్రకటనల బెడద ఎక్కువ.

వైఫై వచ్చింది. ఇప్పుడు రెండో ఫిర్యాదు: ‘100 ఎంబీపీఎస్ ప్లాన్ కడుతున్నాను, డబ్బా మీద 600 అని ఉంది, వచ్చేది 40.’

ఆ 600 అనేది రెండు వేర్వేరు అంకెల కూడిక. వైఫై నడిచే రెండు రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మీద 150, 5 గిగాహెర్ట్జ్ మీద 433, కలిపితే 583, దాన్ని సవరించి 600. డాంగిల్ ఒక సమయంలో ఒక బ్యాండ్ మీదే పనిచేస్తుంది కాబట్టి ఈ కూడికకు అర్థమే లేదు. ఆ 150 కూడా 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్, అంటే బ్యాండ్‌లో అంత ముక్క, దొరికితేనే. అపార్ట్‌మెంట్లో చుట్టూ పదిహేను రౌటర్లున్నచోట 2.4 మీద 20 మెగాహెర్ట్జే దక్కుతుంది. అప్పుడు ఒక యాంటెన్నా ఉన్న డాంగిల్ గరిష్ఠ లింక్ వేగం, అంటే రౌటర్‌తో కుదిరే వేగం, 72 ఎంబీపీఎస్. అందులోనూ వైఫైలో పంపడం, అందుకోవడం ఒకే ఛానెల్ మీద వంతులవారీగా జరుగుతాయి, ప్రతి ప్యాకెట్‌కూ రసీదు వెళ్లాలి. అలా లింక్ వేగంలో చేతికొచ్చేది సగం, మహా అయితే సగం కంటే కాస్త ఎక్కువ. 72లో 40 వస్తే డాంగిల్ తన పని తాను సరిగ్గానే చేస్తోందన్నమాట. అదే డాంగిల్ 5 గిగాహెర్ట్జ్ మీదికెళ్లి 433 లింక్ పట్టుకుంటే 100 ఎంబీపీఎస్ ప్లాన్ మొత్తం వచ్చేస్తుంది. రౌటర్ రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టి ఉంటే డాంగిల్ ఏది పట్టుకుందో తెలియదు. 5కు వేరే పేరు పెట్టి దానికే కనెక్టవడం తేలిక. లేదా డివైజ్ మేనేజర్‌లో అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘ప్రిఫర్డ్ బ్యాండ్’ అని ఉంటే 5 ఎంచుకోవాలి. ఈ పేర్లు డ్రైవర్‌ను బట్టి మారుతుంటాయి.

5 గిగాహెర్ట్జ్ పేరు ఫోన్‌లో కనిపిస్తూ డాంగిల్‌కు కనిపించకపోవడం మరో వింత. 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 వరకున్న ఛానెళ్లను వాతావరణ రాడార్ల వంటివాటితో పంచుకోవాలి. రాడార్ వినబడితే రౌటర్ ఆ ఛానెల్ ఖాళీ చేసి పోవాలన్నది నియమం. ఈ ఛానెళ్లను కొన్ని చవక డాంగిళ్లు అసలు పట్టించుకోవు. రౌటర్ ‘ఆటో’లో ఉండి 100వ ఛానెల్‌కు పోయిందంటే వాటికి అది లేనట్టే. రౌటర్ సెట్టింగ్స్‌లో 36, 40, 44, 48 లేదా 149, 153, 157, 161లో ఒకటి ఖాయం చేస్తే సరి. 2.4లో కూడా ఇలాంటిదే ఉంది. మన దేశంలో 12, 13 ఛానెళ్లు వాడొచ్చు, కానీ అమెరికా నియమాలతో బిగించిన డాంగిల్ 11తోనే ఆగుతుంది. 1, 6, 11 మాత్రమే ఒకదానిమీద ఒకటి పడకుండా ఉంటాయి కాబట్టి వాటిలో ఒకటి పెట్టుకుంటే రెండు తగాదాలూ తీరతాయి. పేరు కనిపించి కూడా పాస్‌వర్డ్ ఎంత సరిగ్గా కొట్టినా కనెక్ట్ కాకపోతే రౌటర్ డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా పద్ధతి ఒక్కదానిలోనే ఉందేమో చూడండి. ఆ పద్ధతి 2018లో వచ్చింది. అంతకుముందు చిప్‌లు చాలావాటికి అది తెలియదు. డబ్ల్యూపీఏ2, 3 కలిపిన మోడ్‌లో పెట్టాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. వేగం పడిపోవడానికి, తెగిపోవడానికి డ్రైవర్‌ను తిట్టేవాళ్లే ఎక్కువ. నిజానికి ఎక్కువసార్లు తప్పు డాంగిల్ పెట్టిన చోటుది.

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. యాంటెన్నా బాగా పనిచేయాలంటే అందులో నాలుగో వంతు, అంటే 3 సెంటీమీటర్ల పైచిలుకు కావాలి. గోరంత డాంగిల్‌లో ఆ చోటు లేదు. యాంటెన్నాను మడిచి, కుదించి పెడతారు, దాంతో కొంత శక్తి పోతుంది. అలాంటిదాన్ని తీసుకెళ్లి మనం సీపీయూ అని పిలిచే ఇనప డబ్బా వెనక, గోడకు నాలుగు అంగుళాల దూరంలో గుచ్చుతాం. ఒకవైపు ఇనుము, ఇంకోవైపు గోడ. దారిలో బీరువా ఉంటే చెప్పనక్కర్లేదు.

ఎంత నష్టమో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్‌ష్ డబ్ల్యూల్యాన్ షో ఇంటర్‌ఫేసెస్’ అనే కమాండ్‌ను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే ఛానెల్, లింక్ వేగం, సిగ్నల్ శాతం కనిపిస్తాయి. సిగ్నల్ శక్తిని డీబీఎంలలో కొలుస్తారు. విండోస్ లెక్కలో 100 శాతమంటే మైనస్ 50 డీబీఎం, సున్నా అంటే మైనస్ 100. అంటే శాతాన్ని సగం చేసి అందులోంచి 100 తీసేస్తే డీబీఎం వస్తుంది. 80 శాతం మైనస్ 60, దివ్యంగా ఉంది. 50 శాతం మైనస్ 75, వీడియో ఆగిఆగి నడిచే గండం. సగం శాతమంటే సగం సిగ్నల్ అనుకునేరు. ప్రతి 3 డీబీకీ శక్తి సగమవుతుంది, 15 డీబీ తగ్గితే మిగిలేది ముప్ఫైలో ఒక వంతు. ఇప్పుడు మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, డాంగిల్‌ను బల్లమీదికి, రౌటర్ దిక్కుకు తెచ్చి మళ్లీ అదే కమాండ్ కొట్టండి. తేడా అంకెల్లో కనిపిస్తుంది. డాంగిల్‌తో పాటే ఈ కేబుల్ కొనడం తెలివైన పని.

నీలం రంగు పోర్టు దగ్గర ఇంకో చిక్కుంది. యూఎస్‌బీ 3.0 తీగలో డేటా 5 గిగాబిట్ల వేగంతో పరుగెడుతుంది. ఆ విద్యుత్ రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమంతా పరుచుకుంటుంది. ఇంటెల్ 2012లో ఈ సమస్యపై పత్రమే విడుదల చేసింది. పక్క పోర్టులో యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ నడుస్తుంటే రొద 20 డీబీ దాకా, అంటే వందరెట్లు పెరగొచ్చని అందులో చూపారు. పరీక్ష తేలిక. పెద్ద ఫైలు కాపీ అవుతున్నప్పుడే నెట్ పడిపోయి, వైర్‌లెస్ మౌస్ కూడా తడబడుతుంటే దోషి ఆ హార్డ్‌డిస్కే. మౌస్ కూడా 2.4 మీదే మాట్లాడుతుంది మరి. 8811సీయూ లాంటి డాంగిల్‌కు నలుపు రంగు యూఎస్‌బీ 2.0 పోర్టే చాలు. దాని 480 ఎంబీపీఎస్ దారిలో, 433 లింక్‌లో చేతికొచ్చే 200 హాయిగా పోతుంది.

కరెంటు విషయానికొస్తే, యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపియర్లు. అడాప్టర్ లేని హబ్‌లో కీబోర్డు, పెన్‌డ్రైవ్, డాంగిల్ అన్నీ ఆ 500నే పంచుకోవాలి. చిప్ ఎక్కువ కరెంటు లాగేది సిగ్నల్ పంపేటప్పుడు. అందుకే బ్రౌజింగ్ బాగానే ఉండి, వీడియో కాల్ మొదలవగానే డాంగిల్ ఊడిపోయి మళ్లీ వచ్చిన శబ్దం వినిపిస్తుంది. హబ్ వదిలేసి నేరుగా కంప్యూటర్‌కే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ మరీ సన్నదైనా ఇదే తంతు. కంప్యూటర్ నిద్రలోంచి లేచాక వైఫై లేవకపోతే అది వేరే కథ. డివైజ్ మేనేజర్‌లో అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, కరెంటు ఆదాకు ఈ పరికరాన్ని ఆపెయ్యవచ్చన్న టిక్కు తీసేయాలి.

లైనక్స్ వాడేవాళ్లకు పాతరోజుల కష్టాలు తగ్గాయి. 8811సీయూ చిప్‌కు డ్రైవర్, లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే 6.2 వెర్షన్ నుంచి ఉంది. అంతకంటే పాత కెర్నెల్ అయితే డ్రైవర్‌ను సొంతంగా కంపైల్ చేయాలి, కెర్నెల్ మారినప్పుడల్లా మళ్లీ చేయాలి, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని ఆ డ్రైవర్‌ను అది లోపలికి రానివ్వదు. లైనక్స్‌లో డాంగిల్ సీడీ వేషంలోనే ఉండిపోతే ఫైల్ మేనేజర్‌లో దాన్ని ఎజెక్ట్ చేసి చూడండి, లేదా యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేయండి.

సిగ్నల్ నిండుగా ఉండి ‘నో ఇంటర్నెట్’ అని వస్తే ఐపీ అడ్రస్ చూడాలి. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ అందలేదని, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం. అడాప్టర్‌ను డిజేబుల్ చేసి ఎనేబుల్ చేయడం, కుదరకపోతే రౌటర్ రీస్టార్ట్. 192.168తో మొదలై, కనెక్షన్ అంతా సరిగ్గానే ఉండి, సైట్లు తెరిస్తే మాత్రం ‘సురక్షితం కాదు’ అని ఎర్ర హెచ్చరిక వస్తుంటే ఒకసారి కిందిమూల గడియారం చూడండి. ఏళ్ల తరబడి మూలన పడున్న డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు మీది సెల్ అయిపోయి తేదీ ఎప్పటిదో పాత ఏడాదికి పోతుంది. ఆ తేదీ ప్రకారం సైట్ల గుర్తింపు సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదు. చేతివాచీల షాపులో కూడా దొరికే సీఆర్2032 బిళ్ల సెల్ ఒకటి మార్చి, తేదీ సరిచేస్తే అవే సైట్లు తెరుచుకుంటాయి.