ఎడారిలో మా కరెంటు లెక్క

చిన్నూ, బుజ్జీ,

మీ బాబాయి ట్రెయిలర్‌లో నేనూ నానమ్మా అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి వచ్చాం. ట్రెయిలర్ అంటే పికప్ బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. క్వార్ట్‌జ్‌సైట్ అనే ఊరి బయట ప్రభుత్వ భూమిలో దిగాం. 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. కానీ కరెంటు స్తంభం లేదు, కుళాయి లేదు. చుట్టూ రాళ్ళు, మనిషిని మించిన సగువారో జెముళ్ళు. "మరి ఫోన్ ఎలా చార్జ్ అవుతోంది తాతయ్యా?" అని బుజ్జి అడిగింది కదా, అందుకే ఈ ఉత్తరం.

బండి పైన 200 వాట్ల సోలార్ ప్యానెళ్ళు రెండు ఉన్నాయి. మంచం కింద రెండు లిథియం బ్యాటరీలు, ఒక్కోటి 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. గుణించి చూడండి, రెండూ కలిపి దాదాపు రెండున్నర యూనిట్లు. మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, అంటే వెయ్యి వాట్లు గంటసేపు వాడితే అయ్యేది. ఈ బ్యాటరీలను గడ్డకట్టే చలిలో చార్జ్ చేస్తే పాడైపోతాయి, అందుకే లోపల పెట్టారు.

మన ఊరి చెరువు గుర్తుందిగా? బ్యాటరీ అలాంటిదే. పగలు నిండుతుంది, రాత్రి వాడుకుంటాం. నిండాక ఇంకా పోటెత్తకుండా చూసేది చార్జ్ కంట్రోలర్ అనే చిన్న పెట్టె. లైట్లు, నీళ్ళ మోటారు బ్యాటరీ నుంచే నేరుగా నడుస్తాయి. మిక్సీ లాంటివాటికి మాత్రం ఇన్వర్టర్ అనే పెట్టె బ్యాటరీ కరెంటుని ఇళ్ళలో వచ్చేలాంటి 120 వోల్టుల కరెంటుగా మారుస్తుంది. అమెరికా ఇళ్ళలో వచ్చేది అంతే.

పొద్దంతా ఎండే కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. కానీ జనవరిలో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, దక్షిణాన కిందుగానే తిరుగుతాడు. పడుకోబెట్టిన ప్యానెళ్ళు రోజుకు యూనిట్ కూడా ఇవ్వలేదు. బాబాయి వాటిని దక్షిణానికి ఏటవాలుగా లేపాక ఒకటిన్నర దాకా వచ్చింది. ఆ మర్నాడు పాలో వెర్డే చెట్టు కొమ్మ నీడ ఒక ప్యానెల్ మూల మీద పడింది. చెయ్యంత నీడే, కానీ ఆ ప్యానెల్ కరెంటు బాగా పడిపోయింది. ప్యానెల్ లోపల ఎండని కరెంటుగా మార్చే చిన్న పలకలు (సెల్స్) ఒకదాని వెనక ఒకటి గొలుసులా ఉంటాయి. ఇటుకలు అందించే వరుసలో ఒక్కరు ఆగితే వెనకవాళ్ళూ ఆగిపోరూ? బండిని పది అడుగులు జరిపితే సరిపోయింది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఖర్చు లెక్క. అంత గోల చేసే మిక్సీ 550 వాట్లు, కానీ పచ్చడికి 3 నిమిషాలే. యూనిట్‌లో 30వ వంతు కూడా కాదు. చప్పుడు చెయ్యని రైస్ కుక్కర్ 600 వాట్లతో అరగంట ఉడికిస్తుంది. అంటే 0.3 యూనిట్, రోజంతా వచ్చిన దాంట్లో ఐదో వంతు! అందుకే నానమ్మ అన్నం గ్యాస్ మీద వండుతోంది, పచ్చడి మాత్రం మిక్సీలోనే. ఏసీ అయితే గంటకే యూనిట్ పైన తాగేస్తుంది, దాని జోలికే పోలేదు.

ఇప్పుడు రాత్రి ఎనిమిదైంది. మానిటర్‌లో బ్యాటరీ 78 శాతం చూపిస్తోంది. ఈ లైటు 5 వాట్లే, కాబట్టి టెన్షన్ లేకుండా రాస్తున్నా. మీరు మన ఇంట్లో మిక్సీ, ఇస్త్రీ పెట్టె, గీజర్ మీద ఎన్ని వాట్లని ఉందో చూడండి. ఒక్కోటి రోజుకు ఎంతసేపు వాడతారో అమ్మనడిగి నాకు రాయండి. మన మేడ మీద ఎన్ని ప్యానెళ్ళు కావాలో వచ్చాక ముగ్గురం కూర్చుని లెక్క వేద్దాం.

మీ తాతయ్య