ప్రీమియం బ్రోకర్ దగ్గరే ఆగిపోతే: అపోహలు, వాస్తవాలు

ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున బ్రోకర్ల మీద ప్రీమియం బకాయి దావాలు వేసే లాయర్‌ని నేను. ఫైలు ఎవరిదైనా, మొదటి రోజు వినపడే మాటలు దాదాపు ఇవే.

అపోహ: బ్రోకర్ చేతికిస్తే కంపెనీకి ఇచ్చినట్టే.
వాస్తవం: బ్రోకర్ కస్టమర్ తరఫు మనిషి, కంపెనీ మనిషి కాడు. 1938 ఇన్సూరెన్స్ చట్టంలోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం కంపెనీకి అందాలి, లేదా దానికి గ్యారంటీయో ముందస్తు డిపాజిటో ఉండాలి. అప్పుడే కంపెనీ మీద రిస్క్ మొదలవుతుంది. కంపెనీ తరఫున తిరిగే ఏజెంటుకు ఇచ్చినా నిశ్చింత లేదు. ఎల్‌ఐసీ ఏజెంటుకు ప్రీమియం వసూలు చేసే అధికారం లేదని 1997లో సుప్రీంకోర్టు చెప్పి, క్లెయిమ్ ఇవ్వక్కర్లేదంది. రెండేళ్లకే ఢిల్లీ విద్యుత్ సంస్థ ఉద్యోగి కేసులో అదే కోర్టు తీర్పు వచ్చింది. జీతంలో కోసిన ప్రీమియం యజమాని కట్టకపోయినా ఎల్‌ఐసీ చెల్లించాల్సిందేనంది, ఎందుకంటే వసూలు బాధ్యత యజమానికి అప్పగించింది ఎల్‌ఐసీనే. కాబట్టి నేను ముందుగా అడిగేది ఒకటే: వసూలు చేసుకోమని బ్రోకర్‌కి మీరు ఎక్కడైనా రాసిచ్చారా? ఆ ప్రశ్నకు చాలా మేనేజర్లు నీళ్లు నములుతారు.

అపోహ: చెక్కు బౌన్సయితే పాలసీ చెల్లదు, కంపెనీకి టెన్షన్ లేదు.
వాస్తవం: సొంత బండి డ్యామేజీకైతే ఆ వాదన నిలబడొచ్చు. రోడ్డు మీద దెబ్బతిన్న మూడో మనిషి దగ్గర నిలబడదు. పాలసీ రద్దు చేసి, ఆ కబురు యాక్సిడెంట్‌కి ముందే బండి యజమానికి చేరవేయకపోతే కంపెనీయే కట్టాలని 2012లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కట్టాక ఆ డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకోవాలన్నది వేరే పంచాయతీ.

అపోహ: లెడ్జర్‌లో బాకీ కనిపిస్తోంది, ఇక దావా వేయడమే.
వాస్తవం: ఎక్కువ కేసులు దెబ్బతినేది ఇక్కడే. ఒకసారి గ్రూప్ హెల్త్ పాలసీ తగాదా వచ్చింది. కొత్త ఉద్యోగులను చేర్చినప్పుడల్లా సీడీ అకౌంట్‌లో (కంపెనీ దగ్గర ముందుగా డిపాజిట్ చేసి ఉంచే సొమ్ము ఖాతాలో) ప్రీమియం తగ్గుతుంది, మానేసిన వాళ్ల రీఫండ్ తిరిగి జమవ్వాలి. కంపెనీ షీట్‌లో చేరికలన్నీ ఉన్నాయి, తొలగింపులు సగమే ఎక్కాయి. బ్రోకర్ షీట్‌లో తొలగింపులన్నీ ఉన్నాయి, పైగా తమకు రావాల్సిన బ్రోకరేజీ, అంటే కమీషన్, కూడా మినహాయించేశారు. రెండు షీట్లనూ స్కేలు పెట్టి వరసవరసా టిక్ కొట్టుకుంటూ పోతే సాయంత్రానికి బాకీ సగానికి పైగా కరిగిపోయింది. కమీషన్ కోసుకుని మిగతాది పంపే హక్కు ఏజెంటుకైతే చట్టమే ఇవ్వలేదు. వసూలైన మొత్తాన్ని 24 గంటల్లో, సెలవులు పోను, పూర్తిగా జమ చేయాలి. బ్రోకర్ల విషయంలో ఒప్పందం చదవకుండా నేను నోరు విప్పను.

అపోహ: పోలీసు కేసు పెడితే డబ్బు పరిగెత్తుకొస్తుంది.
వాస్తవం: డబ్బు వాడేసుకున్నట్టు పక్కా కాగితాలుంటే నమ్మకద్రోహం కేసు వేయొచ్చు. లెక్కల తేడాకి అది పనికిరాదు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ బ్రోకర్ రిజిస్ట్రేషన్ మీద చర్య తీసుకోగలదు గానీ, మీ డబ్బు వసూలు చేసి పెట్టదు. ఇన్సూరెన్స్ ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ ఉన్నది పాలసీదారుల కోసం. బాకీ 3 లక్షలు, ఆ పైన అయితే కమర్షియల్ కోర్టే దారి. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి దగ్గర రాజీ ప్రయత్నానికి, వెళ్లి రావాల్సిందే.

అపోహ: మాటలు నడుస్తున్నాయి కాబట్టి గడువు ఆగుతుంది.
వాస్తవం: ఆగదు. బాకీ దావాకు మామూలుగా 3 ఏళ్లే. ఆ లోపు బ్రోకర్ బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాసిస్తే కొత్త గడువు మొదలవుతుంది. ఒక కేసులో మా చేతిలో ఉన్నదల్లా ‘బ్యాలెన్స్ కరెక్టే, వచ్చే నెల సర్దుతాం’ అన్న ఒక్క మెయిల్. గొప్ప ఆధారం దొరికిందనుకుని కోర్టులో పెట్టాను. జడ్జిగారు తలెత్తకుండానే అడిగారు: ‘ఇది పంపిన అకౌంటెంట్‌కి ఒప్పుకునే అధికారం ఎవరిచ్చారు?’