"ఐ వాజ్ రిలీవ్డ్" అనకండి: ఉద్యోగం వదలడంపై ఇంగ్లిష్ మాటలు, అపోహలు - వాస్తవాలు

అమెరికా, బ్రిటన్ కంపెనీల ఇంటర్వ్యూల్లో మనవాళ్లు చాలామంది, పద్ధతిగా రాజీనామా చేసి వచ్చి కూడా, తమను తీసేశారని తామే చెప్పుకుంటున్నారు. హైదరాబాద్ ఆఫీసులో రోజూ వాడే మాటే అక్కడా వాడతారు, చిక్కంతా అదే.

అపోహ: "ఐ వాజ్ రిలీవ్డ్" అంటే మర్యాదగా బయటికొచ్చానని.

ఆ అర్థం మన దగ్గరే. ఇక్కడ చివరి రోజున హెచ్‌ఆర్ రిలీవింగ్ లెటర్ ఇస్తుంది కాబట్టి అలవాటైపోయింది. అక్కడ కోచ్‌నో సైనికాధికారినో పదవి నుంచి తప్పిస్తే "రిలీవ్డ్ ఆఫ్ హిజ్ డ్యూటీస్" అని రాస్తారు. మీరు "ఐ వాజ్ రిలీవ్డ్ ఇన్ మార్చ్" అనగానే, ఏం చేసి వచ్చాడో అన్న అనుమానం మొదలవుతుంది. పైకి అడిగితే సర్దిచెప్పుకోవచ్చు, చాలామంది అడగరు. "ఐ రిజైన్డ్. మై లాస్ట్ డే వాజ్ మార్చ్ 14" అనండి, చాలు. రిలీవింగ్ లెటర్ పంపాల్సి వస్తే, అది రాజీనామా ఆమోదించి ఇచ్చిన పత్రమని మెయిల్‌లో ఒక్క ముక్క చేర్చండి.

అపోహ: లేఆఫ్ అన్నా ఫైర్ అన్నా ఒకటే, దాచేయడం మంచిది.

లేఆఫ్‌లో పోయేది పోస్టు. ఫైర్ చేసేది పనితీరుకో ప్రవర్తనకో. లేఆఫైనవాళ్లు సిగ్గుపడి "పర్సనల్ రీజన్స్" అని రాస్తారు, లేని అనుమానం తెచ్చుకుంటారు. అందులో మీ తప్పేం లేదు. "రీజన్ ఫర్ లీవింగ్" గడిలో "పొజిషన్ ఎలిమినేటెడ్" అని రాయండి. మాట్లాడేటప్పుడు "వాజ్" మింగొద్దు: "ఐ లెయిడ్ ఆఫ్" అంటే మీరే ఎవరినో తీసేసినట్టు. బ్రిటన్‌లో ఇదే "మేడ్ రిడండెంట్". అక్కడ రెండేళ్ల సర్వీసుంటే చట్టప్రకారం పరిహారం కూడా వస్తుంది. "లెట్ గో" అని లేఆఫ్‌కీ ఫైర్‌కీ రెంటికీ వాడతారు, కాబట్టి కారణం అడుగుతారు, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. నిజంగా ఫైర్ చేసి ఉంటే మాత్రం లేఆఫ్ అని రాయకండి. వెరిఫికేషన్‌లో బయటపడితే చేతికొచ్చిన ఆఫర్ పోతుంది.

అపోహ: హెచ్-1బీలో (అమెరికా ఉద్యోగ వీసా) రాజీనామా చేస్తే, ఉద్యోగం పోయాక అక్కడ ఉండనిచ్చే 60 రోజుల వరకు గడువు ఉండదు.

వాట్సాప్ పుకారు. మీరు మానేసినా వాళ్లు తీసేసినా ఆ గడువు వర్తిస్తుంది. ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే రికార్డు, అంతకంటే ముందే ముగిస్తే మాత్రం అప్పటివరకే.

మిగతావి గబగబా

"పుట్ డౌన్ మై పేపర్స్" ఇండియా దాటితే అర్థం కాదు, "గేవ్ నోటీస్" అనండి. పింక్ స్లిప్ గులాబీ కాగితమేమీ కాదు, ఉద్యోగం తీసేశారని చెప్పడానికి ఇప్పుడది మాట మాత్రమే. గార్డెన్ లీవ్ అంటే సెలవు కాదు: జీతమొస్తుంది, ఆఫీసుకు రానివ్వరు, వేరేచోట చేరనివ్వరు. "జంప్ షిప్" మీ గురించి మీరు అనుకునే మాట కాదు, మునిగే సంస్థను వదిలి పారిపోయాడని ఎత్తిపొడుపు. ఇక నోటీసు: అమెరికాలో రివాజు రెండు వారాలు. మీది 90 రోజులైతే ఆఫర్ వచ్చాక కాదు, మొదటి కాల్‌లోనే చెప్పండి.