విషపు నాచు, కోపెపాడ్‌ల మేత: అపోహలు - వాస్తవాలు

సముద్రంలో సూక్ష్మ నాచును మేసే జంతు ప్లవకాల్లో (నీటి వాలుకు కొట్టుకుపోయే చిన్న జీవుల్లో) రొయ్యల జాతికి దగ్గరివైన కోపెపాడ్‌లే ఎక్కువ. చాలావాటి పొడవు ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. సాక్సిటాక్సిన్ అనే నరాల విషాన్ని తయారుచేసే అలెగ్జాండ్రియం అనే నాచు పెరిగినప్పుడు వీటి మేత తగ్గుతుందని అందరూ రాస్తారు. ముట్టకపోవడం వల్ల తగ్గిందా, నోటిదాకా తెచ్చి వదిలేయడం వల్లా, మింగి జబ్బు పడడం వల్లా? చిక్కంతా ఇక్కడే ఉంది.

అపోహ: కోపెపాడ్ నీటిని జల్లెడ పట్టి, దొరికిందల్లా మింగుతుంది.

వాస్తవం: అంత చిన్న ఒంటికి నీరు చాలా జిగటగా తగులుతుంది. అందుకే నోటి దగ్గరి కుచ్చుల్లాంటి అవయవాలు జల్లెడలా కాక తెడ్లలా పనిచేస్తాయని 1980ల నాటి హైస్పీడ్ చిత్రీకరణలోనే తేలింది. అది కణాన్ని ఒక్కొక్కటిగా పట్టుకుని, తిప్పి, రుచి చూసి మింగుతుంది, లేదా వదిలేస్తుంది. టెమోరా లాంగికార్నిస్ అనే కోపెపాడ్‌కు అలెగ్జాండ్రియం ఇచ్చి తీసిన వీడియోల్లో కణాన్ని పట్టి, కాసేపు తడిమి, విసిరేయడం కనిపిస్తుంది. పట్టిన కణాలన్నీ తిన్నట్టు కాదు.

అపోహ: తక్కువ తిన్నదంటే విషమెక్కినట్టే.

వాస్తవం: ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. కరేనియా బ్రెవిస్ అనే విషపు నాచు తిన్న కాలానస్ పసిఫికస్ అనే కోపెపాడ్‌కు గుండె వేగం పెరిగి, కదలికలు పట్టు తప్పాయి. అది నిజంగా విషమెక్కడమే. కానీ తక్కువ తినడానికి రుచి నచ్చకపోవడం, పోషకం చాలకపోవడం కూడా కారణాలు కావచ్చు. విషపు నాచు ఒక్కటే మేతగా ఇస్తే ఈ మూడూ కలగలిసిపోతాయి.

విడదీయాలంటే రోడోమోనాస్ అనే విషం లేని నాచు లాంటి మంచి మేతతో కలిపి, మొత్తం మేత (కార్బన్ లెక్కన) మారకుండా, విషపు నాచు వాటాను 0, 25, 50, 75, 100 శాతంగా ఇవ్వాలి. మంచి మేత తగ్గినంత మేరకే కోపెపాడ్‌లు పెట్టే గుడ్లు తగ్గితే లోపం పోషకంలో ఉంది. కొద్ది వాటాకే అంతకు మించి పడిపోతే విషాన్ని అనుమానించాలి. తర్వాత వాటిని పూర్తిగా మంచి మేతకు మార్చి చూడాలి. వెంటనే మామూలుగా తింటే అది నిరాకరణే. తేరుకోవడానికి సమయం పడితే ఒంట్లో ఏదో దెబ్బ తగిలింది. పోలికకు అదే అలెగ్జాండ్రియం జాతిలో సాక్సిటాక్సిన్ లేని రకాన్ని వాడడం మంచిదే గానీ, వాటిలో కొన్ని కణాలను చీల్చే వేరే పదార్థాలు వదులుతాయి. ‘విషం లేని’ అన్న లేబుల్‌ను అంతగా నమ్మకూడదు.

ఇక ఈ మేత పరీక్ష చేసే సీసాల సంగతి. గాలి బుడగ మిగలకుండా నింపి, నిమిషానికి ఒక చుట్టు చొప్పున చక్రంపై తిప్పాలి. తిప్పకపోతే కణాలు అడుగుకు చేరి, తిన్నట్టు లెక్కలోకి వస్తాయి. కోపెపాడ్‌లు లేని సీసాలు కనీసం మూడు పక్కన నడవాలి, ఎందుకంటే అలెగ్జాండ్రియం కణాలు తమంతట తామే చితికిపోవచ్చు, తాత్కాలిక సిస్టులుగా (కదలని విశ్రాంతి కణాలుగా) మారవచ్చు. సముద్రపు నీరు వాడితే మరో తంటా: 200 మైక్రాన్ల వలలోంచి సీలియేట్లు (నాచు తినే ఏకకణ జీవులు) దాటిపోతాయి. కోపెపాడ్‌లు వాటిని తినేస్తే నాచు తినేవాళ్లు తగ్గి నాచు పెరుగుతుంది, మేత లెక్క సున్నా కంటే కిందికి పోతుంది.

అపోహ: ఒక నాచులో ఎంత విషముందో అది స్థిరం.

వాస్తవం: కోపెపాడ్‌లు దగ్గర్లో ఉన్నాయని నాచుకు తెలుస్తుంది. అవి వదిలే కోపెపోడమైడ్లు అనే కొవ్వు పదార్థాలే ఆ సంకేతం. అకార్షియా టోన్సా అనే కోపెపాడ్ సంకేతాలు తగిలిన అలెగ్జాండ్రియం మినుటంలో విషం రెండున్నర రెట్ల దాకా పెరిగిందని ఎరిక్ సెలాండర్ బృందం 2006లో చూపింది. కొన్ని అలెగ్జాండ్రియంలైతే కణాలు వరసగా అతుక్కున్న గొలుసులు తెంపుకుని, మెల్లగా ఈదుతూ, ఎదురుపడడమే తగ్గించుకుంటాయి. ఏళ్ల తరబడి మేసేవే లేని ఫ్లాస్కులో పెంచిన నాచుతో చేసిన పరీక్ష సముద్రంలో జరిగేదానికి తక్కువ అంచనా ఇవ్వడంలో వింతేమీ లేదు.

అపోహ: ఒకే జాతి కోపెపాడ్‌లన్నీ ఒకేలా స్పందిస్తాయి.

వాస్తవం: తరతరాలుగా అలెగ్జాండ్రియంతో బతికిన, అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరపు అకార్షియా హడ్సోనికా అనే కోపెపాడ్ దాన్ని బాగానే తిని గుడ్లు పెడుతుంది. అలవాటు లేని న్యూజెర్సీ తీరపు అదే జాతి వెనకబడుతుంది. ఏ తీరం నుంచి పట్టారో రాయని ఫలితాన్ని పక్కన పెట్టేయవచ్చు.

అపోహ: తిని బతికాయంటే ప్రమాదం లేనట్టే.

వాస్తవం: డొమోయిక్ ఆమ్లమనే నరాల విషమున్న సూడోనిట్జ్‌షియా అనే నాచును చాలా కోపెపాడ్‌లు పైకి ఏ ఇబ్బందీ లేకుండా తింటాయి, దాంతో విషం వాటిని తినేవాటికి చేరుతుంది. 1987 చివర మొదలై ఐదు వారాల్లో అమెరికా తూర్పు తీరంలోని కేప్ కాడ్ దగ్గర 14 హంప్‌బ్యాక్ తిమింగలాలు చనిపోయాయి. అవి తిన్న మాకెరెల్ చేపల్లో సాక్సిటాక్సిన్ దొరికింది. మాకెరెల్‌కు ప్లవకాలు ముఖ్యమైన ఆహారం. డయాటమ్‌లనే గాజులాంటి పెంకున్న నాచులది ఇంకో దారి. కొన్నింటి కణం చితికిన కాసేపటికే ఆల్డిహైడ్లు అనే హానికర రసాయనాలు పుడతాయి. మేత తగ్గదు, తల్లికి ఏమీ కాదు, గుడ్లు పొదగవు. కాబట్టి మేతతో పాటు గుడ్లనూ రెండు మూడు రోజులు ఉంచి, పొదిగినవి ఎన్నో లెక్కించాలి.

అపోహ: నీటి రంగు మారితేనే విషం.

వాస్తవం: అలెగ్జాండ్రియం లీటరుకు వెయ్యి కణాల స్థాయిలో ఉంటే నీరు మామూలుగానే కనిపిస్తుంది, అయినా ఆల్చిప్పల్లో విషం చేరవచ్చు. బంగాళాఖాతంలో నీటి రంగు మార్చే నాక్టిల్యూకా అనే ఏకకణ జీవికి అలాంటి విషం ఉన్నట్టు తెలియదు. అయితే అది కోపెపాడ్ గుడ్లను మింగుతుంది, వాటి మేతకూ పోటీ పడుతుంది.