గర్భంతో ఉండగా థైరాయిడ్ క్యాన్సర్: అపోహలు - వాస్తవాలు

అపోహ: మెడలోని లింఫు గ్రంథులకు పాకిందంటే కడుపు తీయించుకోవాల్సిందే.

వాస్తవం: ఎక్కువగా కనిపించే పాపిల్లరీ రకం నెమ్మదిగా నడుస్తుంది. చాలామందికి కాన్పయ్యాకే ఆపరేషన్ చేస్తాం. ఈలోగా మెడ స్కానింగ్‌తో కనిపెట్టి ఉంటాం. 24-26 వారాల లోపే గడ్డ బాగా పెరిగినా, గ్రంథులకు పాకడం ఎక్కువగా ఉన్నా రెండో త్రైమాసికంలో ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. మొదటి నెలల్లో చేస్తే గర్భస్రావం, చివర్లో చేస్తే నెలలు నిండకుండానే కాన్పు అయ్యే భయం. మెడుల్లరీ, అనాప్లాస్టిక్ రకాల లెక్క వేరు, వాటిని ఇలా ఆపి చూడలేం.

అపోహ: సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుంది, బిడ్డకూ ప్రమాదం.

వాస్తవం: రెండూ తప్పే. అల్ట్రాసౌండ్, ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్నటి సూదితో గడ్డలోని కణాలు తీసి చూసే పరీక్ష) ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు. మేం దగ్గరికి రానివ్వనిది రేడియో అయోడిన్, అంటే రేడియోధార్మిక అయోడిన్ మందు. స్కాన్‌కైనా, చికిత్సకైనా గర్భిణికి ఇవ్వం. 10-12 వారాల నుంచి బిడ్డ థైరాయిడ్ కూడా అయోడిన్‌ను పట్టుకుంటుంది. తల్లికిచ్చిన మందు ఆ చిన్న గ్రంథినే కాల్చేయగలదు.

అపోహ: థైరాయిడ్ మాత్ర వేడి చేస్తుంది, కడుపుతో ఉన్నప్పుడు ఆపేయాలి.

వాస్తవం: నాకు అసలు టెన్షన్ దీనితోనే. క్యాన్సర్ కొన్ని నెలలు ఆగుతుందేమో గానీ ఈ మాత్ర ఒక్కరోజు కూడా ఆగకూడదు. మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదిగేది తల్లి హార్మోన్‌తోనే. గ్రంథి తీసేసిన వాళ్లకు అది మాత్ర నుంచే రావాలి. మానడం అటుంచి, మోతాదు సాధారణంగా 25 నుంచి 50 శాతం పెంచాల్సి వస్తుంది. సగం గర్భం దాటేదాకా నాలుగు వారాలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే పెరిగే రక్తపరీక్ష అంకె) చూస్తాం.

మోతాదు పెంచినా టీఎస్‌హెచ్ దిగలేదంటే ముందు మాత్రల డబ్బా తెరిపిస్తాను. థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం మూడూ పొద్దున్నే కలిపి, అదీ టీతో వేసుకుంటుంటారు. ఐరన్, కాల్షియం పేగుల్లోనే హార్మోన్‌ను పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, ఆ రెండింటికీ నాలుగు గంటల ఎడం ఇవ్వాలి. అత్తగారికీ ఇది చెప్పి పంపుతాను, ఇంట్లో మాత్రలు అందించేది చాలాసార్లు ఆవిడే.

అపోహ: కాన్పు కాగానే పాలిస్తూనే రేడియో అయోడిన్ తీసుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. పాలు పూర్తిగా మాన్పించి కనీసం 6 వారాలు ఆగాలి. ఆ బిడ్డకు మళ్లీ పట్టకూడదు, తర్వాత పుట్టే బిడ్డకు పట్టొచ్చు. చికిత్స తర్వాత ఇంకో గర్భానికి కనీసం 6 నెలలు ఆగాలి. అందుకే ఎన్ని నెలలు పాలివ్వాలనేది కాన్పుకు ముందే మాట్లాడుకుంటాం.